కూటమి వీడితే పడే ఖర్చు: బ్రిటన్ అనుభవం, చిత్తూరు గుజ్జు లెక్క

2014 మే 1 నుంచి భారతదేశపు మామిడి పండ్ల దిగుమతిని యూరోపియన్ యూనియన్ నిలిపివేసింది. అంతకుముందు ఏడాది భారత్ నుంచి వెళ్లిన పండ్లు, కూరగాయల సరుకులో 207 విడతల్లో పండుఈగ తదితర పురుగులు కనిపించడం అందుకు చూపిన కారణం. మామిడితో పాటు వంకాయ, చేమ, కాకర, పొట్లకాయలకూ ఆ నిషేధం వర్తించింది. యూరప్‌లో భారతీయ మామిడికి ప్రధాన గిరాకీ బ్రిటన్‌లోనే ఉండేది. అక్కడి పార్లమెంటు సభ్యులు కొందరు నిషేధం ఎత్తివేయాలని గట్టిగానే అడిగారు. అయినా లండన్ ప్రభుత్వం తనంతట తాను ఆ పని చేయలేకపోయింది. మొక్కల ఆరోగ్యానికి సంబంధించిన దిగుమతి నిబంధనలు అప్పటి 28 సభ్యదేశాలకూ ఒక్కటే కావడం, వాటిని మార్చే అధికారం యూనియన్ కేంద్ర కార్యాలయాలుండే బ్రస్సెల్స్ చేతిలో ఉండడం అందుకు కారణాలు. భారత్ తన ప్యాకింగ్ కేంద్రాల్లో తనిఖీలను కట్టుదిట్టం చేశాక 2015 ఆరంభంలో మామిడిపై నిషేధం తొలగింది. ఆ నిర్ణయమూ బ్రస్సెల్స్‌లోనే జరిగింది.

కూటమిలో ఉన్న దేశం ఏమి వదులుకుంటుందో ఈ ఉదంతం చూపుతుంది. యూనియన్ నుంచి బ్రిటన్ వైదొలగాలని (బ్రెగ్జిట్) వాదించినవారి మాటలో నిజం లేకపోలేదని ఇక్కడ ఒప్పుకోవాలి: తన ప్రజలు తినే పండును అనుమతించాలా వద్దా అన్నది కూడా తాను ఒంటరిగా తేల్చుకోలేని స్థితి చిన్న విషయం కాదు. అయితే అదే ఏర్పాటుకు రెండో ముఖం ఉంది. చిత్తూరు జిల్లాలోని ఒక గుజ్జు పరిశ్రమ ఒక్క నిబంధనావళిని చదివి, ఒక్క పరీక్ష చేయించి, ఒక్క రేవులో సరుకు దించితే, ఆ సరుకు పోర్చుగల్ నుంచి ఫిన్లాండ్ వరకు, ఐర్లండ్ నుంచి గ్రీస్ వరకు ఎక్కడికైనా మళ్లీ ఎవరికీ కాగితం చూపకుండా వెళ్లగలిగేది. ఒకరి పరీక్షను మరొకరు నమ్మడమే వాణిజ్య కూటమిలోని అసలు ఆస్తి. కూటమి వీడిన దేశం మొదట పోగొట్టుకునేది ఆ నమ్మకాన్నే; తర్వాత కనిపించే ఖర్చుల్లో అధిక భాగం దాని స్థానంలో వేరే ఏర్పాట్లు కట్టుకోవడానికి అయ్యేవే.

2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 51.9 శాతం మంది వైదొలగడానికే ఓటేశారు. 2020 జనవరి 31న బ్రిటన్ యూనియన్ నుంచి అధికారికంగా బయటికి వచ్చింది, పాత నిబంధనలే కొనసాగిన మధ్యంతర కాలం ఆ ఏడాది డిసెంబరు 31తో ముగిసింది. అందుకు వారం రోజుల ముందు, డిసెంబరు 24న, ఇరుపక్షాల మధ్య వాణిజ్య, సహకార ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఇటు తయారైన సరుకు అటు, అటు తయారైన సరుకు ఇటు వెళ్లినప్పుడు సుంకమూ లేదు, పరిమాణంపై పరిమితీ లేదు. ఆ రోజు వార్తలు చదివినవారికి పాత స్థితికీ కొత్త స్థితికీ తేడా ఏముందన్న అనుమానం కలగడం సహజం. తేడా చాలా ఉంది. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం సుంకాన్ని మాత్రమే తీసివేస్తుంది. కస్టమ్స్ యూనియన్ బయటి దేశాల సరుకుపై అందరూ ఒకే సుంకం వేసేలా చేసి, లోపలి సరిహద్దుల్లో ఈ సరుకు ఎక్కడిదన్న ప్రశ్నే లేకుండా చేస్తుంది. ఉమ్మడి మార్కెట్ ఇంకో మెట్టు పైన ఉండి, సరుకు నాణ్యత, భద్రత, లేబుల్, లైసెన్సు వంటి నియమాలన్నిటినీ ఒక్కటి చేస్తుంది. బ్రిటన్ పై రెండు మెట్లూ దిగి మొదటి మెట్టు మీద నిలబడింది. సుంకం సున్నాగా మిగలడం వల్ల ఆ దిగుడు ఎంత లోతో చాలామందికి వెంటనే తెలియలేదు.

చిత్తూరు నుంచి వెళ్లే సరుకునే ఉదాహరణగా తీసుకుంటే విషయం తేటపడుతుంది. బెంగళూరా అని కూడా పిలిచే తోతాపురి కాయను పిండి తీసిన గుజ్జును వేడిచేసి, సూక్ష్మక్రిములు లేకుండా శుద్ధిచేసిన సంచిలో నింపి, ఆ సంచిని ఇనుప డ్రమ్ములో పెడతారు. ఒక్కో డ్రమ్ములో సాధారణంగా 215 కిలోలు పడుతుంది. 20 అడుగుల కంటైనర్‌లో 80 డ్రమ్ములు, అంటే 17 టన్నులకు కొంచెం పైగా గుజ్జు. చెన్నై రేవుకు బయలుదేరేలోపు ప్రతి బ్యాచ్‌కూ బ్రిక్స్ (చక్కెర పాళ్లు) ఎంత, ఆమ్లత్వం ఎంత, రంగు ఎలా ఉంది, నల్లమచ్చలు ఉన్నాయా, పురుగుమందుల అవశేషాలు పరిమితిలోపు ఉన్నాయా అన్న పరీక్షల నివేదికలు సిద్ధమవుతాయి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ రవాణా పత్రం), మూలదేశ ధ్రువపత్రం వీటికి తోడవుతాయి. యూరప్‌కు వెళ్లే గుజ్జులో పెద్ద భాగం చేరే దేశం నెదర్లాండ్స్. అక్కడి వ్యాపారులు రోటర్‌డ్యామ్ రేవులో దించుకుని, నిల్వ ఉంచి, పానీయాలు, పెరుగు, ఐస్‌క్రీమ్, పసిపిల్లల ఆహారం తయారుచేసే సంస్థలకు అవసరాన్ని బట్టి అమ్ముతారు.

2020 వరకు ఆ నిల్వ నుంచి కొన్ని డ్రమ్ములు బ్రిటన్‌కు వెళ్లాలంటే లారీ ఎక్కిస్తే సరిపోయేది. రోటర్‌డ్యామ్‌లో ఒకసారి సుంకం కట్టి విడిపించిన సరుకు ఉమ్మడి మార్కెట్ సరుకే. 2021 జనవరి 1 నుంచి ఆ లారీ ఒక దేశపు సరిహద్దు దాటి మరో దేశంలోకి వెళ్తుంది. సుంకం సున్నా అన్న వాగ్దానం యూరప్‌లోగానీ బ్రిటన్‌లోగానీ తయారైన సరుకుకే తప్ప అక్కడ దిగి ఇక్కడికి మళ్లిన సరుకుకు వర్తించదు. చిత్తూరులో పుట్టిన గుజ్జు డచ్ గిడ్డంగిలో ఎన్ని నెలలున్నా భారతీయ గుజ్జే. దాన్ని మరో రకం గుజ్జుతో కలిపి కొత్త డ్రమ్ముల్లో నింపినంత మాత్రాన దాని మూలదేశం మారదు. కాబట్టి యూరప్‌లో ఒకసారి, బ్రిటన్‌లో మరోసారి సుంకం కట్టవలసిన పరిస్థితి వస్తుంది. దాన్ని తప్పించుకోవాలంటే సరుకును కస్టమ్స్ అదుపులోని గిడ్డంగిలో, సుంకం కట్టకుండా, పూచీకత్తు ఇచ్చి నిల్వ ఉంచాలి. లేదా మొదటి నుంచే బ్రిటన్ వాటాను వేరుచేసి ఫెలిక్స్‌టో వంటి రేవుకు నేరుగా పంపాలి. పెద్ద కొనుగోలుదారుడికి రెండూ సాధ్యమే. ఏడాదికి నాలుగైదు కంటైనర్లు తీసుకునే చిన్న దిగుమతిదారుడికి మాత్రం ఒక మార్కెట్ రెండుగా చీలి, రెండింటిలోనూ కంటైనర్ నిండేంత ఆర్డరు దొరకని స్థితి ఎదురవుతుంది. బ్రిటన్ వీధుల్లో అమ్ముడయ్యే జర్మన్ మిఠాయి అక్కడి గిడ్డంగి నుంచి ఐర్లండ్ దుకాణానికి వెళ్తే సుంకం పడుతుందన్న సంగతి 2021 జనవరిలో బ్రిటన్ వ్యాపారులనే ఆశ్చర్యపరిచింది. మూలదేశ నిబంధనల పని తీరే అది.

సుంకం పడని సరుకుకూ కాగితం తప్పదు. బ్రిటన్ పన్నుల శాఖ 2019లో వేసిన అంచనా ప్రకారం యూరప్‌తో వ్యాపారానికి ఏటా అదనంగా దాఖలు చేయవలసిన కస్టమ్స్ ప్రకటనల సంఖ్య 21.5 కోట్లు, వాటి కోసం బ్రిటన్ సంస్థలపై పడే భారం ఏడాదికి 750 కోట్ల పౌండ్లు. ఈ అంకెను మరో అంకె పక్కన పెట్టి చూడాలి. సభ్యత్వం కోసం బ్రిటన్ 2018లో యూనియన్ బడ్జెట్‌కు నికరంగా చెల్లించినది సుమారు 900 కోట్ల పౌండ్లు. ఆ డబ్బు మిగులుతుందన్నది వైదొలగే వాదంలో ప్రధాన ఆకర్షణ. ఫారాలు నింపే ఖర్చొక్కటే ఆ మిగులులో అత్యధిక భాగానికి సమానంగా తేలింది. ఇందులో పాత బాకీల పరిష్కారం కింద బ్రిటన్ ఒప్పుకున్న మొత్తం కలవలేదు. దాన్ని ప్రభుత్వం మొదట్లో 3,500 నుంచి 3,900 కోట్ల పౌండ్లుగా అంచనా వేసింది.

ఆహార పదార్థాల విషయంలో కాగితం మరింత బరువు. మాంసం, పాలు, గుడ్లతో చేసిన చాలా సరుకులకు అధికారిక పశువైద్యుడు సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఒక లారీలో పది మంది చిన్న ఉత్పత్తిదారుల సరుకు కలిపి పంపే పద్ధతి యూరప్‌లో చాలాకాలంగా ఉంది. వారిలో ఒక్కరి పత్రంలో ఒక తేదీ తప్పు పడినా మిగిలిన తొమ్మిది మంది జున్ను, చేపలు, కేకులు కూడా సరిహద్దు దగ్గర ఆగిపోతాయి. ఆ ప్రమాదం తెలిసిన రవాణా సంస్థలు చిన్నవారి సరుకు ఎక్కించుకోవడానికి వెనుకాడడం మొదలుపెట్టాయి. యూరప్ తన వైపు తనిఖీలను మొదటి రోజు నుంచే అమలు చేసింది. బ్రిటన్ మాత్రం తన వైపు తనిఖీలను పదేపదే వాయిదా వేసింది. చివరికి ధ్రువపత్రాల నిబంధన 2024 జనవరి 31న, భౌతిక తనిఖీలు అదే ఏడాది ఏప్రిల్ 30న మొదలయ్యాయి. యూరప్ లారీలు ఎక్కువగా దిగే డోవర్ రేవు మీదుగా వచ్చే ఆహార, మొక్కల సరుకుపై ఒక్కో విడతకు గరిష్ఠంగా 145 పౌండ్ల రుసుము పెట్టారు. ఖరీదైన ఆహార సరుకు నిండిన లారీకి ఆ రుసుము పెద్ద లెక్కలోది కాదు. ఒక చిన్న పూలకొట్టుకు వచ్చే మొక్కల ట్రేలకు మాత్రం అది లాభమంతటినీ తినేస్తుంది.

మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న చిత్తూరువారికి ఈ సరిహద్దు వ్యవహారం కొత్తగా చెప్పవలసినది కాదు. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు తొలగేవరకు, తమిళనాడు వైపు నరహరిపేట దగ్గరా ఇతర సరిహద్దు దారుల్లోనూ లారీలు వరుసగా నిలిచి ఉండడం ఇక్కడి రవాణాలో భాగమే. తర్వాత 2025 జూన్‌లో, తోతాపురి ధర పడిపోయి రైతులు కాయ కోయడానికే వెనుకాడిన సీజన్‌లో, కర్ణాటక నుంచి వచ్చే తోతాపురిని చిత్తూరు జిల్లాలోకి రానివ్వకుండా ఉత్తర్వులు వెలువడ్డాయి. కోలారు జిల్లా శ్రీనివాసపురం ప్రాంతపు రైతులు ఏళ్ల తరబడి ఇక్కడి గుజ్జు పరిశ్రమలకే కాయ తోలుతున్నారు. కర్ణాటక ముఖ్యమంత్రి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రికి లేఖ రాసేదాకా వ్యవహారం వెళ్లింది. పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చి 12 రూపాయల ధర నిలబెట్టాలని ఆంధ్రప్రదేశ్ ప్రయత్నించిన సమయమది; ఆ నాలుగు రూపాయలు పొరుగు రాష్ట్రపు కాయకు చేరకుండా చూసుకోవాలన్న ఆందోళనలో న్యాయం ఉంది. కానీ ఆ ఒక్క ఉద్దేశం కోసం దారుల్లో సిబ్బందిని నిలపాలి, లారీలోని కాయ ఏ తోటదో రుజువు అడగాలి, మన మండలంలో కాసిన కాయకూ ఆ రుజువు కావాలి. సరిహద్దు ఎవరిని ఆపడానికి లేచినా, తాను ఆపవలసినవాడు కాదని రుజువు చేసుకునే భారం ప్రతి ఒక్కరి మీదా పడుతుంది. డోవర్‌లో జరుగుతున్నది ఇదే, అయితే అక్కడ సీజన్ అయిపోగానే తొలగదు.

ఈ భారం అందరి మీదా సమంగా పడదు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన పరిశోధకులు 2024 డిసెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, కొత్త ఒప్పందం వల్ల 2022లో బ్రిటన్ వస్తు ఎగుమతులు 2,700 కోట్ల పౌండ్ల మేర, అంటే 6.4 శాతం, తగ్గాయి. సుమారు 16,400 సంస్థలు యూరప్‌కు ఎగుమతి చేయడమే మానుకున్నాయి. పెద్ద సంస్థల ఎగుమతుల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. కారణం సుస్పష్టం. ఒక ధ్రువపత్రానికి అయ్యే ఖర్చు సరుకు విలువను బట్టి మారదు. వంద కంటైనర్లు పంపేవాడు ఒక కస్టమ్స్ నిపుణుణ్ని జీతానికి పెట్టుకుంటాడు, ఒక్క ప్యాలెట్ (ఒక చెక్క పలక మీద పేర్చినంత సరుకు) పంపేవాడు అదే పనికి ప్రతిసారీ ఏజెంటుకు రుసుము చెల్లిస్తాడు. మొత్తం వాణిజ్యపు అంకెలు మాత్రమే చూసేవారికి ఈ నష్టం సరిగా కనిపించదు, ఎందుకంటే వైదొలగిన వేల సంస్థల వాటా మొత్తంలో తక్కువ. కానీ నేటి పెద్ద ఎగుమతిదారుల్లో చాలామంది ఒకప్పుడు ఒక్క ప్యాలెట్‌తో మొదలైనవారే. ఆ మొదటి మెట్టు తొలగితే జరిగే నష్టం పదిహేనేళ్ల తర్వాత లెక్కకు వస్తుంది. గంగాధర నెల్లూరు, తవణంపల్లె, బంగారుపాళ్యం వైపు ఉన్న చిన్న గుజ్జు పరిశ్రమల గురించి ఆలోచించేవారు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి: 3.1 కిలోల డబ్బాల్లో నింపి, బ్రిటన్‌లోని ఆసియా దుకాణాలకు సరఫరా చేసేవారికి ఇవతల కూడా అదే సమస్య.

సరిహద్దు దగ్గరి ఖర్చు కనిపించేది. దేశం లోపల పడే ఖర్చు కనిపించదు, అయినా అది తక్కువేమీ కాదు. కూటమిలో ఉన్నంతకాలం రసాయనాల నమోదు, మందుల అనుమతి, విమాన భద్రత, అణు పదార్థాల పర్యవేక్షణ వంటి పనులకు 28 దేశాలు కలిసి నిపుణులను పెట్టుకున్నాయి. బయటికి వచ్చిన దేశం వాటిలో ప్రతి పనికీ తన సొంత సిబ్బందిని, సొంత ప్రయోగశాలలను, సొంత సమాచార నిధిని సమకూర్చుకోవాలి. యూరోపియన్ మందుల సంస్థ లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డ్యామ్‌కు, బ్యాంకింగ్ నియంత్రణ సంస్థ పారిస్‌కు తరలిపోయాయి. మందుల సంస్థ కానరీ వార్ఫ్‌లోని తన కార్యాలయపు లీజు 2039 వరకు ఉండగా, వైదొలగడం వల్ల లీజు రద్దయినట్లే అని వాదించింది. 2019 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. అలా తరలిన ఖర్చు యూరప్ ఖాతాలో కూడా పడిందన్నది మరచిపోకూడదు.

రసాయనాల కథ అన్నిటికంటే విలువైన పాఠం. యూరప్‌లో రీచ్ అనే చట్టం కింద ఏ రసాయనాన్ని అమ్మాలన్నా దాని ప్రమాదాల గురించిన సమాచారంతో నమోదు చేయించాలి. దశాబ్దానికి పైగా బ్రిటన్ సంస్థలు డబ్బు పోసి ఆ సమాచారాన్ని ఉమ్మడి నిధిలో చేర్చాయి. మధ్యంతర కాలం ముగియగానే ఆ నిధి వారికి మూసుకుపోయింది. బ్రిటన్ సొంత రీచ్ పెట్టుకుంది. అవే రసాయనాలను, అవే సంస్థలు, తిరిగి నమోదు చేయించవలసి వచ్చింది. అందుకయ్యే ఖర్చును ప్రభుత్వమే సుమారు 200 కోట్ల పౌండ్లుగా అంచనా వేసి, ఆ తర్వాత గడువులను ఒకటికి రెండుసార్లు వాయిదా వేసింది. ఆ 200 కోట్లతో ఏ రసాయనమూ ముందుకంటే సురక్షితం కాదు, ఏ కొత్త సరుకూ తయారు కాదు. వస్తు భద్రత గుర్తుదీ అదే దారి. యూరప్ గుర్తు స్థానంలో బ్రిటన్ సొంత గుర్తును తప్పనిసరి చేస్తామని ప్రకటించి, పరీక్షల కోసం సంస్థలతో ఖర్చు పెట్టించి, 2023 ఆగస్టులో యూరప్ గుర్తునే నిరవధికంగా గుర్తిస్తామని వెనక్కి తగ్గింది. సొంత నియమం రాసుకునే హక్కు సంపాదించుకోవడం ఒకటి. ఆ హక్కును వాడితే తన పరిశ్రమే పెద్ద మార్కెట్‌కు దూరమవుతుందని తెలిసి వాడకుండా ఉండిపోవడం మరొకటి. బ్రిటన్ మొదటిదానికి పూర్తి ధర చెల్లించి, ఎక్కువ రంగాల్లో రెండోదాని దగ్గరే ఆగింది.

తిరుపతి చుట్టుపక్కల తయారయ్యే సరుకుల్లోనూ ఇలా రెండు నియమావళుల ప్రభావం పడే అవకాశం ఉన్నది బ్యాటరీలకు. యూరప్ 2023లో కొత్త బ్యాటరీ చట్టం తెచ్చింది. 2 కిలోవాట్ అవర్‌కు మించిన పారిశ్రామిక బ్యాటరీలకు, విద్యుత్ వాహనాల బ్యాటరీలకు 2027 ఫిబ్రవరి 18 నుంచి డిజిటల్ పాస్‌పోర్టు (బ్యాటరీ వివరాలుండే ఎలక్ట్రానిక్ రికార్డు) ఉండాలని అది చెబుతోంది. బ్రిటన్ సభ్యదేశంగా ఉండి ఉంటే అదే చట్టం అక్కడా అమలయ్యేది. ఇప్పుడు ఒకే అసెంబ్లీ లైనులో తయారయ్యే సరుకుకు రెండు మార్కెట్ల నియమాలను వేర్వేరుగా చూసుకోవాలి.

ఉత్తర ఐర్లండ్ గురించి ఎంత క్లుప్తంగా చెప్పినా ఒక్క మాట తప్పదు. ఐర్లండ్ దీవి మీద, బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌కూ యూనియన్ సభ్యదేశమైన ఐర్లండ్‌కూ మధ్య, సుమారు 500 కిలోమీటర్ల భూసరిహద్దు ఉంది. 1998 శాంతి ఒప్పందం తర్వాత అక్కడ తనిఖీ కేంద్రాలు పెట్టడం ఎవరికీ ఇష్టం లేదు. నియమాలు వేరైన రెండు మార్కెట్ల మధ్య ఎక్కడో ఒకచోట తనిఖీ జరగక తప్పదు కనుక, అది సముద్రం మీదికి, అంటే బ్రిటన్‌కూ దాని సొంత భూభాగానికీ నడుమకు వచ్చింది. 2023 ఫిబ్రవరి 27న కుదిరిన విండ్సర్ ఏర్పాటు ఆ తనిఖీలను తేలిక చేసినా, అక్కడే అమ్ముడయ్యే ఆహారంపై ‘యూరోపియన్ యూనియన్‌లో అమ్మకానికి కాదు’ అన్న అర్థం వచ్చే లేబుల్ అవసరమైంది. ఒక దేశం తన లోపలే కస్టమ్స్ రేఖ గీసుకోవలసి రావడం ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత బాధాకరమైన ఖర్చు. దాన్ని పౌండ్లలో కొలవలేం.

మొత్తం ఆర్థిక వ్యవస్థ మీద ప్రభావాన్ని కొలవడం మాత్రం కష్టమైన పని. వైదొలగిన సంవత్సరమే కోవిడ్ వచ్చింది, 2022లో ఉక్రెయిన్ యుద్ధం ఇంధన ధరలను పెంచింది. వైదొలగని బ్రిటన్ ఎలా ఉండేదో ఊహించి, దానితో నిజమైన బ్రిటన్‌ను పోల్చడం తప్ప మార్గం లేదు. అక్కడి బడ్జెట్ బాధ్యతా కార్యాలయం, దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం, ఎగుమతి దిగుమతులు 15 శాతం తక్కువగా ఉంటాయన్న అంచనాను కొనసాగిస్తోంది. 2025 చివర్లో వెలువడిన ఒక అధ్యయనం, అప్పటికే తలసరి ఆదాయంలో 6 నుంచి 8 శాతం నష్టం జరిగిందని లెక్కగట్టింది. ఏ అంకె సరైనదన్న వాదన సాగుతూనే ఉంటుంది. దిశ విషయంలో మాత్రం ఆర్థికవేత్తల్లో పెద్దగా భేదం లేదు. ఇంటి ఖర్చు దగ్గరికి వస్తే, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులే 2023లో లెక్కవేసినట్లు, వాణిజ్య అడ్డంకుల వల్ల ఒక్కో కుటుంబం అప్పటికి ఆహారం మీద సగటున 250 పౌండ్లు అదనంగా ఖర్చు పెట్టింది. ఆదాయంలో ఎక్కువ వాటా తిండికే పోయే పేద కుటుంబాలకు అది పెద్ద దెబ్బ. మరోవైపు బ్రిటన్ సేవల ఎగుమతులు బాగా పెరిగాయి, నష్టాన్ని లెక్కగట్టేవారు దాన్నీ చూపాలి. కన్సల్టెన్సీ, న్యాయ సలహా, సాఫ్ట్‌వేర్ వంటివి సరిహద్దు దగ్గర లారీలో ఆగేవి కావు.

పోయిన వాణిజ్యాన్ని కొత్త ఒప్పందాలతో భర్తీ చేసుకోవచ్చన్నది మరో వాదన. 2024 డిసెంబరు 15న బ్రిటన్ పసిఫిక్ దేశాల కూటమిలో చేరింది. దానివల్ల దీర్ఘకాలంలో జాతీయోత్పత్తికి కలిసొచ్చేది 0.08 శాతమని బ్రిటన్ ప్రభుత్వమే మొదట్లో అంచనా వేసింది. 2025 జూలై 24న సంతకాలు జరిగిన భారత్ ఒప్పందం వల్ల ఏటా 480 కోట్ల పౌండ్లు, అంటే 0.13 శాతం కలిసొస్తుందని దాని లెక్క. పక్కనే ఉన్న పెద్ద మార్కెట్‌ను దూరపు మార్కెట్లు భర్తీ చేయలేవన్నది వాణిజ్య శాస్త్రంలో పాత సత్యం. ఈ అంకెలు దాన్ని మరోసారి నిరూపించాయి. అయితే భారత్ వైపు నుంచి చూస్తే చిత్రం వేరు. ఈ ఒప్పందం భారతీయ సరుకుల్లో 99 శాతం సుంకపు వరుసలకు (సుంకాల పట్టికలోని సరుకు రకాలకు) బ్రిటన్‌లో సుంకం లేకుండా చేస్తుందని, మామిడి గుజ్జు, పచ్చళ్ల వంటివి అందులో ఉన్నాయని భారత ప్రభుత్వం తెలిపింది. యూరోపియన్ యూనియన్‌తో మన చర్చలు 2007లో మొదలై, 2013లో ఆగి, 2022లో మళ్లీ మొదలై, 2026 జనవరిలో గానీ కొలిక్కి రాలేదు. ఒంటరి బ్రిటన్‌తో ఒప్పందం చేసుకోవడం 27 దేశాల కూటమితో చేసుకోవడం కంటే సులువైంది. ఒకరి ఖర్చు మరొకరికి అవకాశం కావడం వాణిజ్యంలో కొత్త కాదు. కాకపోతే సుంకం పోయినంత మాత్రాన గుజ్జు డ్రమ్ము దించుకోరు. అవశేషాల నివేదికే అసలు వీసా.

ఇక్కడే చిత్తూరు తోటలకు దగ్గరి సంగతి ఒకటుంది. మామిడి పూత సమయంలో తేనెమంచు పురుగు ఉధృతి పెరిగితే రైతులు పిచికారీ చేసే మందుల్లో థయామెథాక్సామ్ ఒకటి. తేనెటీగలకు అది చేసే హాని దృష్ట్యా, థయామెథాక్సామ్, క్లోథియానిడిన్ అవశేషాల పరిమితులను పరీక్షలో కనుక్కోగలిగే కనిష్ఠ స్థాయికి యూరప్ 2023లో తగ్గించి, 2026 మార్చి 7 నుంచి అమలుకు గడువు పెట్టింది. బయటికి వచ్చిన బ్రిటన్‌కు ఆ నిర్ణయం దానంతట అది వర్తించదు. ఉత్తర ఐర్లండ్‌కు వర్తిస్తుంది. ఇటువంటి తేడాలు పెరిగేకొద్దీ, కోత సమయంలోనే కాయను వేరుచేసి ఫలానా తోట కాయ యూరప్‌కు, ఫలానాది బ్రిటన్‌కు అని గుర్తు పెట్టుకోవలసి వస్తుంది. దామలచెరువు, బంగారుపాళ్యం మండీల్లో వందల మంది రైతుల కాయ ఒక్క రాశిగా కలిసే పద్ధతిలో అది జరిగే పని కాదు. అందువల్ల వాస్తవంలో జరిగేది ఒక్కటే: రెండింటిలో కఠినమైన నియమానికి తగినట్లు మొత్తం సరుకును సిద్ధం చేయడం. నియమం సడలించుకునే హక్కు బ్రిటన్‌కు దక్కినా, ఆ సడలింపు ప్రయోజనం ఇక్కడి రైతుకు చేరదు.

బ్రిటన్ తానే మళ్లీ ఆ కఠిన నియమం వైపు మళ్లుతోంది. 2025 మే 19న లండన్‌లో జరిగిన సమావేశంలో, ఆహారం, మొక్కలు, పశువులకు సంబంధించి ఉమ్మడి నిబంధనల ఒప్పందం చేసుకోవాలని ఇరుపక్షాలు నిర్ణయించాయి. దాని ప్రకారం యూరప్ ఆ రంగంలో ఎప్పుడు నియమం మార్చినా బ్రిటన్ తన నియమాన్ని మార్చుకోవాలి. యూరోపియన్ చట్టం అర్థంపై చివరి మాట యూరోపియన్ న్యాయస్థానానిదే. నిర్వహణ ఖర్చులో వాటా చెల్లించాలి. ఇందుకు ప్రతిగా డోవర్‌లో పత్రాలు, తనిఖీలు చాలావరకు తొలగుతాయి. అదే సమావేశంలో యూరప్ చేపల పడవలకు తన జలాల్లో ప్రవేశాన్ని 2038 వరకు పొడిగించడానికి బ్రిటన్ ఒప్పుకుంది. సభ్యదేశంగా ఉన్నప్పుడు ఆ నియమాలు రాసే బల్ల దగ్గర బ్రిటన్‌కు కుర్చీ, ఓటు ఉండేవి. ఇప్పుడు నియమం వస్తుంది, ఓటు లేదు. ఆర్థికంగా చూస్తే ఈ నిర్ణయం సరైనదే, ఎందుకంటే చిన్న ఉత్పత్తిదారుల మీది భారం నిజంగా తగ్గుతుంది. రాజకీయంగా చూస్తే, నిర్ణయాధికారం కోసం బయటికి వచ్చిన దేశం ఈ రంగంలో ముందుకంటే తక్కువ అధికారంతో మిగులుతుంది. వైదొలగేటప్పుడు లెక్కగట్టని ఖర్చు ఏదైనా ఉందంటే అది ఇదే.

చిత్తూరు ఎగుమతిదారులు ఆ ఒప్పందం తుది పాఠంలో ముఖ్యంగా చూడవలసినవి రెండు. పురుగుమందుల అవశేషాల పరిమితులు మొత్తంగా అందులోకి వస్తాయా, లేక కొన్నిటికి మినహాయింపు ఉంటుందా అన్నది మొదటిది. అమలు తేదీకి ముందే తీసిన గుజ్జుకు పాత పరిమితి వర్తిస్తుందా అన్నది రెండోది. జూన్, జూలైలలో పిండిన గుజ్జు తర్వాతి వేసవి దాకా డ్రమ్ముల్లో ఉండి అమ్ముడయ్యే వ్యాపారంలో, కాయ తయారైన నాటి నియమానికీ సరుకు రేవు చేరిన నాటి నియమానికీ మధ్య తేడా వస్తే నష్టపోయేది నిల్వ పట్టుకున్నవాడే. పూతకు పిచికారీ మొదలయ్యే డిసెంబరు నాటికే ఆ రెండు ప్రశ్నలకు జవాబు తెలుసుకుని, కొనుగోలుదారులతో ఒప్పందంలో ఏ తేదీ నాటి పరిమితి వర్తిస్తుందో రాయించుకోవడం, అదే మాట కాయ ఇచ్చే రైతులకు ముందుగా చెప్పడం పరిశ్రమల చేతిలో ఉన్న పని.